తోడికోడలి జడ, థైరాయిడ్ లెక్క

నిన్న పొద్దున హిందూపురంలో రక్తపరీక్షల ల్యాబులో ఒక పిల్ల నన్ను అవమానించింది. పాపం, తెలిసి చేయలేదు. నా చేతికి రబ్బరు పట్టీ కట్టి, సూది విప్పుతూ అడిగింది.

"అవ్వా, జుట్టు పెరిగేదానికి మాత్రలేమన్నా తింటాండావా?"

నా తల చూసినవాళ్ళెవరూ అడగకూడని ప్రశ్న అది. పిల్లల రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు తిప్పితేగానీ నిలవని పిలక నాది.

"ఎగతాళా పాపా?" అన్నాను.

"అయ్యో, లేదవ్వా. థైరాయిడ్ పరీక్షకు వచ్చేటోళ్ళనందర్నీ అడగల్ల. ఆ మాత్రలు తింటాంటే మిషన్ మోసపోతాది. హార్మోను తక్కువ ఉన్నా ఎక్కువ ఉన్నట్ల చూపిస్తాది. తింటాంటే చెప్పు, కొన్ని దినాలు నిలిపేసి వద్దువు."

చేయి చాపుకుని అట్లాగే కూర్చున్నాను. ఆరేళ్ళుగా నా దగ్గర తేలని లెక్క ఒకటి ఆ ప్లాస్టిక్ కుర్చీలో తేలిపోయింది. నిలదీసి అడుగుదామంటే మనిషి లేదు. రెండేళ్ళ కిందట పోయింది.

ఆమె మా తోడికోడలు. మా ఆయన తమ్ముడి భార్య. మేము పెనుకొండలో, వాళ్ళు ధర్మవరంలో. నేను సర్కారు ఆఫీసులో లెక్కలు రాసి రిటైరయ్యాను. ఆమె ఏ పని చేసేదని ఎవరైనా అడిగితే, జడ మోసేది అని చెప్పాలి.

నిజంగానే మోసేది. నడుము దాటి ఇంకా కిందికి దిగే జడ. మాట్లాడేటప్పుడు దాన్ని భుజం మీదుగా ముందుకు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకునేది, పెంపుడు పిల్లిని పెట్టుకున్నట్టు. ఎదుటి మనిషి చెప్పేది నచ్చకపోతే ఒక్క విసురుతో వెనక్కి వేసేది. పక్కన కూర్చున్నవాళ్ళు తల వంచుకోవలసిందే. పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చోవడానికి ఆమె ఎంత ఇష్టపడేదో చెప్పలేను. నా పిలక పక్కన ఆ జడకు ఇంకో రెండు అంగుళాలు కలిసొచ్చేవి.

ఎవరైనా అడిగారా, రహస్యం చెప్పడానికి ఆమె సిద్ధం. అడగకపోయినా సిద్ధం. "అంతా నూనె గుణమక్కా. గుంటగలగరాకు, మందారం, కరివేపాకు, మెంతులు. కొబ్బరినూనెలో సన్నసెగన కాంచల్ల. చివర్న ఒకటేస్తా. అది మాత్రం చెప్పకూడదు."

ఆ చివరి సరుకు ఏమిటని ధర్మవరంలో ఒక వీధి ఆడవాళ్ళందరూ ఏళ్ళ తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు. ప్రతి ఉగాదికీ నాకొక సీసా పంపేది. నేను ఏదైనా మొదలుపెడితే పద్ధతిగా చేసే మనిషిని. వారానికి రెండుసార్లు రాసుకున్నాను. ఉగాదులు గడిచాయి, సీసాలు ఖాళీ అయ్యాయి, నా తలలో మాత్రం ఏ మార్పూ లేదు. అదే మాట ఆమెతో అంటే నా నెత్తిని నిమిరి చూసి తేల్చేసింది.

"నూనెది తప్పు కాదక్కా. నీ తలది. లెక్కల వేడికి వెంట్రుక నిలవదు."

ఇట్లా ఉండగా ఆమెకు థైరాయిడ్ వచ్చింది. మొదట నీరసం. తర్వాత ఒళ్ళు బరువు. అన్నం పొయ్యి మీద పెట్టి నిద్రపోయేది. హిందూపురంలో ఒక డాక్టరమ్మ మంచిదని ఎవరో చెబితే, నన్ను తోడు రమ్మంది. రిపోర్టులు, చీటీలు దాచిపెట్టే పని నాకు అప్పగించింది. ఆ నమ్మకం నాకు గర్వంగానే ఉండేది. అన్నీ నా దగ్గరే ఉంటాయని, ఏదీ నా కన్ను దాటిపోదని అనుకున్నాను. నిన్నటిదాకా.

మొదటి పరీక్షలో టీఎస్‌హెచ్ అనే అంకె పద్దెనిమిది వచ్చింది. ఐదు లోపల ఉంటే చాలునట. ఆమె ముఖం వెలిగిపోయింది.

"పద్దెనిమిదా? అంటే నాకు హార్మోను శానా ఉన్నట్లే గదక్కా."

ఆ రోజు రైల్లో తిరిగివస్తూ నేను ఆమెకు విడమరచి చెప్పవలసివచ్చింది. డాక్టరమ్మ చెప్పినదాన్నే మా ఇంటి భాషలోకి మార్చి చెప్పాను. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి కోడలు. ఒంట్లో పొయ్యి మంట ఎంత ఉండాలో చూసుకోవడం దాని పని. మంట తగ్గితే చలి, నిద్ర, వాపు, జుట్టు రాలడం. ఎక్కువైతే చెమట, గుండెదడ, చేతుల వణుకు. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంది. అది అత్త. కోడలు పని సరిగా చేస్తుంటే అత్త మెల్లగా మాట్లాడుతుంది. కోడలు బద్ధకిస్తే గొంతు పెంచుతుంది. ఆ అరుపే టీఎస్‌హెచ్. ల్యాబువాళ్ళు కొలిచేది ముఖ్యంగా అత్త గొంతును. అంకె పెరిగిందంటే అత్త అరుస్తోందని, కోడలు పడుకుందని అర్థం. మాత్ర వేసుకోవడమంటే బయటినుంచి వంటమనిషిని పెట్టుకోవడం. పని జరిగితే అత్త శాంతిస్తుంది.

ఆమె అంతా శ్రద్ధగా విని, జడ ఒళ్ళో సర్దుకుని, దిగులుగా అడిగింది.

"అంటే మనత్త ఇంకా నా తలకాయలో ఉండాదా అక్కా? పోయి ఇన్నేండ్లయినా?"

ఎదురు సీటులో ఉన్నాయన మడిచి పెట్టుకున్న పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మాత్ర మొదలుపెట్టారు. రోజుకు డెబ్బై ఐదు మైక్రోగ్రాములు, పొద్దున పరగడుపున. అత్త శాంతించింది, అంకె మూడుకు దిగింది. ఏడాదికి రెండుసార్లు పరీక్ష. ఆ పరీక్షను ఆమె పదో తరగతి పరీక్షలాగా రాసేది. వారం ముందునుంచి టంచనుగా మాత్ర. క్యాబేజీ మానేయడం. పరీక్ష రోజు పట్టుచీర, తలలో కనకాంబరాలు. రక్తం తీసే పిల్లతో, "బాగా రావల్లమ్మా, చూసి తియ్యి" అని సిఫారసు.

"ఇది పాసయ్యేదానికి కాదమ్మే, ఉండేది ఉన్నట్ల తెలిసేదానికి," అన్నాను ఒకసారి.

"నువ్వట్లే అంటావు. నీకు ఎప్పుడూ నూటికి నూరే," అంది.

ఆ ప్రయాణాలు నాకిష్టం. ఇప్పుడు ఒప్పుకుంటే నష్టం లేదు. ఆమె ధర్మవరంలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటులో తువ్వాలు పరచి నా కోసం పట్టి ఉంచేది. పెనుకొండలో రైలు ఆగేలోగా ఏ పెట్టో నాకు తెలియడానికి ఆ జడను కిటికీలోంచి బయటికి వేలాడదీసేది. రైల్వేవాళ్ళు అంత స్పష్టంగా ఏ బోర్డూ పెట్టలేదు.

రెండో ఏడాది చివరినుంచి, ఎక్కి కూర్చున్న కాసేపటికి ఆమె సంచిలోంచి వక్కపొడి డబ్బీ తీసేది. చిన్న గుండ్రటి రేకు డబ్బీ. కిటికీ వైపు తిరిగి, ఏదో నోట్లో వేసుకుని, సీసా ఎత్తి నీళ్ళు తాగేది.

"వక్కపొడి మీద నీళ్ళు తాగేవాళ్ళను నేనింతవరకూ చూడలేదు," అన్నాను.

"అరుగుదలకక్కా."

"నాక్కొంచెం పెట్టు."

"నీ పండ్లకు పనికిరాదులే."

డబ్బీ సంచిలోకి వెళ్ళిపోయేది. ఆమె దవడ ఎన్నడూ ఆడలేదు. మనిషి దవడ ఆడించకుండా వక్కలు ఎట్లా నములుతుందో నేను ఒక్కసారైనా ఆలోచించానా? లేదు. నా బుద్ధంతా రిపోర్టులను తేదీల వరుసలో పెట్టడంలో ఉండేది.

రెండేళ్ళు బాగా గడిచాక అంకె ఉన్నట్టుండి అడుగంటింది. సున్నా దగ్గరికి వచ్చింది. టీ4 అనే అసలు హార్మోను అంకె చూస్తే హద్దు దాటి పైన ఉంది. అత్త నోరు మూసుకుంది, వంట పొంగిపోతోంది అని రిపోర్టు చెప్పింది. డాక్టరమ్మ మాత్ర తగ్గించింది. మోతాదు మార్చిన ప్రతిసారీ నెలన్నర ఆగి మళ్ళీ పరీక్ష. మళ్ళీ అదే తీరు. మళ్ళీ తగ్గించింది. మా తోడికోడలికి ఆనందమే ఆనందం.

"చూస్తివా అక్కా? మాత్రే అక్కర్లేకుండా పోతాంది. నూనె తలకే కాదు, గొంతుకూ పట్టినట్లుండాది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఎండిన తలుపులాగా కిరకిరమంటోంది. ముఖం ఉబ్బింది. మాటకూ మాటకూ మధ్య నేను ఒక కూడిక చేసుకునేంత వ్యవధి ఉండేది. ఇంట్లో వెంట్రుకలు ఊడ్చి ఊడ్చి చీపురు మార్చవలసివచ్చిందని మా మరిది ఫోనులో చెప్పాడు. ఆయన చెప్పిన సంగతి నేను ఆమెకు చెప్పలేదు. డబ్బీ మాత్రం రైల్లో ఒకసారికి బదులు రెండుసార్లు బయటికి రావడం గమనించాను. అరుగుదల పాడైందేమో పాపం, అనుకున్నాను.

డాక్టరమ్మ తెలివితక్కువది కాదు. మొదట్లోనే అడిగింది.

"ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా? బలానికో, ఎముకలకో, జుట్టుకో?"

"జుట్టుకా? నాకా?" అని మా తోడికోడలు జడను ముందుకు తెచ్చి బల్ల మీద సాక్ష్యంగా పెట్టింది. తర్వాత నూనె చేసే విధానం మొదటినుంచీ చెప్పింది, చివరి సరుకు తప్ప. డాక్టరమ్మ ఆసక్తిగానే విన్నది. ఆమెదీ పలచటి జుట్టే. అందరికంటే ఆసక్తిగా విన్నది నర్సు. పక్క కుర్చీలో నేను, నా పిలక.

ఆ మే నెలలో రైలు పెనుకొండలో ఆగితే ఏ కిటికీలోనూ జడ లేదు. పెట్టె పెట్టెకూ తొంగిచూస్తూ పరుగెత్తాను. ఆమె ఒక మూల ముడుచుకుని పడుకుని ఉంది. మెడకు మఫ్లరు, ఒంటి మీద శాలువా. బయట రాళ్ళు పగిలే ఎండ. నా సీటు మీద తువ్వాలు లేదు. ఎవరో కూర్చుని ఉన్నారు. ఆమెకు ఎంత బాగాలేదో అప్పుడు అర్థమైంది నాకు.

"ఏమ్మే, లేయ్. ఏమైతాంది నీకు?"

"చలిగా ఉండాదక్కా," అంది. ఆ రెండు మాటలు పూర్తయ్యేసరికి రైలు కదిలింది.

హిందూపురం స్టేషనులో మెట్లెక్కలేక రెండుసార్లు కూర్చుంది. డాక్టరమ్మ చాలాసేపు నాడి పట్టుకుని చూసింది. కొత్త రిపోర్టు చూసింది. మళ్ళీ నాడి చూసింది. అప్పటికి మాత్ర పూర్తిగా ఆపేసి ఉంది. అయినా రిపోర్టులో హార్మోను పొంగుతూనే ఉంది.

"చూడండమ్మా. ఈ కాగితం ప్రకారం మీ గుండె పరుగెత్తాలి. చేయి పట్టుకుంటే నిద్రపోతోంది. కాగితమైనా అబద్ధం చెప్పాలి, మీరైనా చెప్పాలి. కాగితాన్ని నమ్మి నేను ఇట్లాగే పోతే ఈసారి మిమ్మల్ని నా దగ్గరికి తీసుకురారు, బెంగుళూరుకు అంబులెన్సులో తీసుకుపోతారు. అప్పుడు ఎవరు ఏం చేసినా ఆలస్యమే. చివరిసారి అడుగుతున్నాను. ఏం వాడుతున్నారు?"

మా తోడికోడలు డాక్టరమ్మ వైపు చూడలేదు. నా వైపు చూసింది. నా ముఖం కాదు, నా తల. తర్వాత మెల్లగా అంది.

"అక్కా, నీళ్ళు తెచ్చిస్తావా?"

"సంచిలో సీసా నిండుగా ఉండాది గదమ్మే."

"చల్లనివి కావల్ల."

మఫ్లరు చుట్టుకుని, శాలువాలో వణుకుతున్న మనిషి మాట అది. నాకు ఒళ్ళు మండింది. ప్రాణం పోతున్నా నన్ను పనులకు తిప్పడం మానదు అనుకున్నాను. డాక్టరమ్మ నాతో, "తెండమ్మా, నిదానంగా తెండి," అంది. ఆ నిదానం ఎందుకో నాకు అప్పుడు తోచలేదు. వీధి చివరి అంగడిదాకా పోయి, ఫ్రిజ్జులో అడుగునున్న సీసా అడిగి తెచ్చాను.

నేను వచ్చేసరికి గదిలో ఏదో ముగిసిపోయింది. డాక్టరమ్మ పాత చీటీని అడ్డంగా కొట్టేసి కొత్తది రాస్తోంది. "వారం రోజులు అది ఆపండి. తర్వాత మళ్ళీ రక్తం ఇవ్వండి," అంది.

"ఏది ఆపాలమ్మా?" అన్నాను. రిపోర్టులు భద్రం చేసేది నేను. నాకు తెలియాలి కదా.

"ఆమెకు తెలుసులెండి," అంది డాక్టరమ్మ తల ఎత్తకుండా.

"ఏందోలే అక్కా, తిండి సంగతి," అంది మా తోడికోడలు. నా చేతిలోంచి సీసా తీసుకుంది. చల్లని నీళ్ళు అడిగింది కాబట్టి తాగాలి. పళ్ళు టకటకలాడుతుండగా, గుక్క గుక్కకూ కళ్ళు మూసుకుంటూ, అడుగంటా తాగింది. అంత నిజాయితీగా అబద్ధమాడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ అరవై దాటింది. అన్ని నెలలుగా అత్త ఇల్లు ఎగిరిపోయేటట్టు అరుస్తూనే ఉందన్నమాట. వినవలసిన మిషన్ చెవుల్లో ఎవరో దూది కుక్కారు. ఆ దూది పేరు నిన్న రక్తం తీశాక ల్యాబు పిల్ల చెప్పింది. జుట్టు మాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుందట. ల్యాబులో హార్మోనును పట్టి కొలవడానికి వాడే జిగురు కూడా చాలాచోట్ల అదేనట. రక్తంలో ముందే అది నిండి ఉంటే కొలత తలకిందులు. ఒంటికి చెడు చేయదు, కాగితాన్ని చెడగొడుతుంది. మిగతాది నేనే కలుపుకున్నాను. థైరాయిడ్ వచ్చి జుట్టు రాలడం మొదలైంది. రాలేదానికి మాత్ర మింగింది. ఆ మాత్రకు రిపోర్టు తప్పింది. తప్పు రిపోర్టుకు అసలు మందు తగ్గింది. మందు తగ్గేకొద్దీ జుట్టు ఇంకా రాలింది. రాలేకొద్దీ డబ్బీ ఇంకా తెరుచుకుంది. ఎక్కడా కూడికలో పొరపాటు లేదు.

అయితే అప్పటికి ఆ నూనె చివరి సరుకు నూనెలో పడేది కాదు, నోట్లో పడేది.

మోతాదు నిదానంగా పెంచుతూ పోయారు. ఆమె కోలుకుంది. మాట వేగం వచ్చింది, దానితోపాటు నా మీద విసుర్లూ వచ్చాయి. ఆరోగ్యం కుదిరిందనడానికి నాకు అంతకంటే మంచి రిపోర్టు అక్కర్లేదు. కొన్నాళ్ళకు కిటికీలో జడ కూడా మళ్ళీ వేలాడింది. మునుపటి పొడవే. కాకపోతే పైన సన్నం, కింద లావు. కింది సగం నలుపు పై సగం నలుపుకంటే మరీ చిక్కగా ఉంది. సవరం అని నా కళ్ళకు పెట్టె ఎక్కకముందే తెలిసింది.

"నూనె మార్చినావా?" అన్నాను కూర్చుంటూ.

"మందారం ఒక పిడికెడు ఎక్కువేసినా," అంది రెప్ప వేయకుండా. వక్కపొడి డబ్బీ మళ్ళీ కనిపించలేదు. అరుగుదల బాగుపడింది.

పోయిందంటే థైరాయిడ్‌తో పోలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని, తల దువ్వుకుని, జడ వేసుకుని పడుకుంది. లేవలేదు. గుండె అన్నారు. నేను ధర్మవరం చేరేసరికి స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. ఆమె కోడలు దువ్వెన తీసుకుని జడ విప్పబోతోంది. చుట్టూ వీధిలోని ఆడవాళ్ళందరూ ఉన్నారు, చివరి సరుకు కోసం తలలు బద్దలు కొట్టుకున్నవాళ్ళు.

"దువ్వెన ఈడియ్యి. నేను చేస్తా. మీరంతా బయట ఉండండి," అన్నాను.

"ఒక్కదానివే ఎట్ల పెద్దత్తా?"

"పెద్దదాన్ని చెప్తాండా గదా, పోండి."

ఆఫీసు గొంతు పనిచేసింది. తలుపు మూసి, జడ విప్పి, సవరం తీసి పక్కన పెట్టాను. ఆమె అసలు జుట్టు నా గుప్పిట్లో ఇమిడింది. నా పిలక కంటే రవ్వంత ఎక్కువ, అంతే. తల తుడిచి, ఆరబెట్టి, సవరం కలిపి మళ్ళీ అల్లాను. నాకు అల్లే అలవాటు లేదు కదా, మూడుసార్లు విప్పవలసివచ్చింది. పైనుంచి గట్టిగా దారంతో కట్టాను, నలుగురు మోసుకెళ్ళేటప్పుడు జారకుండా. తర్వాత తలుపు తీసి వాళ్ళను పిలిచాను.

మా మరిది ఆ జడ చూసి ఏడ్చాడు. "చూడు వదినా, ఈ వయసులో గూడా ఎట్లుండాదో. అంతా ఆ నూనె గుణమే."

"అవునప్పా," అన్నాను.

ఇదంతా నిన్న ఆ కుర్చీలో కూర్చుని తలుచుకుంటుంటే ల్యాబు పిల్లకు ఓపిక పోయింది. నా వెనుక ఇంకా చాలామంది ఉన్నారు.

"ఏమవ్వా, అడిగితే పలకవు? మాత్రలు తింటాండావా, లేదా?"

"లేదు పాపా. నూనె రాసుకుంటా. మా తోడికోడలిది."

"బాగా పనిచేస్తాదా?"

"శానా బాగా," అన్నాను.

ఆ పిల్ల నా తల వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా సూది గుచ్చింది.